రెండో తాళం

ఆగస్టు 4, సోమవారం

ఇవాళ కూడా కిందికి వెళ్ళలేదు.

వారం దాటిపోయింది. పొద్దున్నే మెట్ల దాకా వెళ్ళడం, కింద కుట్టుమిషను చప్పుడు వినడం, వెనక్కి తిరిగి రావడం. మా ఆయన చూస్తూనే ఉన్నాడు. నేనేమీ అడక్కపోయినా "కాఫీ చల్లారిపోతోంది" అన్నాడు. ఆ మనిషికి ధైర్యం అంతవరకే.

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటాను. ఎవరికో చూపించడానికి కాదు, కడుపుబ్బరం తగ్గడానికి.

ఆ సాయంత్రం కారు తెచ్చి వాకిట్లో పెట్టింది నేనే. కొత్తగా తెరుస్తున్న కళ్ళాసుపత్రి కర్టెన్లన్నీ వెనక సీటు మీద ఉన్నాయి, మర్నాడు పొద్దున్నే వెళ్ళి తగిలించాలని. నిచ్చెన దింపుకున్నాను. తలుపులు వేశాను. తాళం మీట నొక్కాను, నొక్కి పట్టుకుంటే అద్దాలు కూడా మూసుకునే మీట. కారు కీచుమంది. విన్నాను. పైకి వచ్చేశాను. రాత్రంతా వాన. తెల్లారి చూస్తే కారు అద్దాలు నాలుగూ దిగి ఉన్నాయి, కర్టెన్లు తడిసి ముద్దయి ఉన్నాయి. నీలం రంగంతా తెల్ల లైనింగుకి పట్టేసింది.

అక్క ఆ ముద్దని రెండు చేతులా ఎత్తుకుని వాకిట్లో నిలబడింది. బావగారు, మా ఆయన, అత్తగారు, అందరూ అక్కడే ఉన్నారు.

"నేను తాళం వేశానక్కా. మోత కూడా విన్నాను" అన్నాను.

అక్క నా మొహంలోకి చూసింది. అరిచినా బాగుండేది. అరవలేదు.

"సరే, విన్నావు. సరేలే" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ 'సరేలే' ఒక్కటి చాలు. నాలుగు తిట్లు తిడితే తిరిగి నాలుగు తిట్టి అన్నం తినేదాన్ని. సరేలే అన్నదాన్ని ఏం చేసుకోను?

తోడికోడళ్ళకు పడదని లోకమంతా అంటుంది. అక్కకీ నాకూ పడింది. చూసినవాళ్ళు సొంత అక్కచెల్లెళ్ళా అని అడిగేవాళ్ళు. కింద ఇల్లు వాళ్ళది, పైన మాది, పని ఇద్దరిదీ. ఒకటే కారు, రెండు తాళాలు. ఆవిడ కుడుతుంది, నేను నిచ్చెన ఎక్కి కిటికీలు కొలుస్తాను. ఆవిడకి రెండో మెట్టు మీదే కళ్ళు తిరుగుతాయి. నేను పైనుంచి కొలత చెబితే ఆవిడ కింద రాసుకుని "విన్నా" అంటుంది. "విన్నా" అనేదాకా నేను టేపు కదపకూడదు. అది మా కట్టుబాటు, పెట్టింది ఆవిడే.

అలాంటి మనిషి, నేను విన్నానంటే నమ్మలేదు.

ఆగస్టు 5, మంగళవారం

వెళ్ళలేదు. మిషను మధ్యాహ్నం దాకా ఆగలేదు.

ఆగస్టు 6, బుధవారం

ఇవాళ వినోదం.

వరండాలో కాగితంపూల తీగకు నీళ్ళు పోస్తున్నాను. వాకిట్లో తీగ కింద కారు ఒంటరిగా ఉంది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, ఎర్రటి ఎండ. ఉన్నట్టుండి వైపర్లు లేచి ఆ ఎండిన అద్దాన్ని గీరుతూ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాయి. అక్క బయటికొచ్చింది, కారు తెరిచింది, ఏదో నొక్కింది. ఆగాయి. అక్క లోపలికెళ్ళగానే మళ్ళీ మొదలు. మళ్ళీ వచ్చింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని కారు వంక అలా చూస్తూ నిలబడిపోయింది.

నేను తీగ చాటున ఉన్నాను. దాక్కోలేదు, నీళ్ళు పోస్తున్నాను.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలియనీ. నాకేం తొందర లేదు. నేను తాళం వేశాను. కారు రెండుసార్లు కీచుమంది, స్పష్టంగా విన్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

హారను. ఎవరూ ముట్టుకోకుండా, పట్టపగలు, ఆగకుండా.

బావగారు పోయినేడు రాత్రి డ్యూటీకి మారారు. అప్పటి నుంచీ ఆ కింద ఇంట్లో పగలంతా గిన్నెకు గిన్నె తగలదు. ఆయన పడుకుంటే అత్తగారు దగ్గడం కూడా పెరట్లోకి వెళ్ళి దగ్గుతారు. అలాంటిది వాకిట్లో కారు గొంతు చించుకుంటుంటే ఆయన తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చి స్టీరింగు మీద గుద్దులు గుద్దారు. అది ఇంకా గట్టిగా మోగింది. చివరికి మా ఆయన దిగి వెళ్ళి ఏదో ఫ్యూజు పీకాడు.

సాయంత్రం మెకానిక్ వచ్చి బ్యాటరీ మార్చి వెళ్ళాడు. ఆ మహానుభావుడికి ఏ రోగానికైనా మొదటి మందు బ్యాటరీయే.

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో నవ్వు రాలేదు.

ఆగస్టు 9, శనివారం

నా బదులు నిచ్చెన ఎక్కడానికి ఎవరినో పిలిచారట. ఒక ఇంటి హాల్లో పూల కర్టెన్లు అన్నీ తలకిందులుగా తగిలించి వచ్చాడట. మా ఆయన చెప్పాడు. నేను పట్టించుకోలేదు.

పూలు కిందికి చూస్తుంటే ఆ ఇంటావిడ ఏమనుకుని ఉంటుంది? అక్క ఆ ఇంటికి రెండుసార్లు వెళ్ళి రంగు ఎంచింది. నేనైతే ఒక్క పువ్వు చూసి చెప్పేదాన్ని, తొడిమ ఎటుందో.

ఆగస్టు 11, సోమవారం

చూశాను. నా కళ్ళతో చూశాను.

నాలుగింటికి మబ్బు పట్టింది. బట్టలు తీద్దామని వరండాలోకి వచ్చాను. వాకిట్లో ఎవరూ లేరు. అత్తగారు నిద్రపోతున్నారు, అక్క మిషను మీద ఉంది, చప్పుడు వినపడుతూనే ఉంది. కారు అద్దాలు నాలుగూ ఒక్కసారిగా, నిదానంగా, ఎవరో లోపల కూర్చుని దింపుతున్నట్టు కిందికి దిగిపోయాయి.

చేతిలో తడి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అరుద్దామనుకున్నాను. రండి, అందరూ రండి, చూడండి అని. ఎవరైనా వచ్చేలోపు అవి మళ్ళీ పైకెళ్ళిపోతే? అప్పుడు ఇంకో సరేలే వినాలి.

ఈలోగా చినుకులు. వెనక సీటు మీద ఏదో గుడ్డ మడతలు కనిపిస్తున్నాయి, లేత ఆకుపచ్చ. ఏ ఇంటివో నాకు తెలియదు. నాకు తెలియని పని ఆ కారులో ఉండటం అదే మొదటిసారి.

లోపలికి పరిగెత్తి నా తాళం తెచ్చాను. వరండాలోంచి కారు వైపు పెట్టి మీట నొక్కి పట్టుకున్నాను. లైట్లు ఒకసారి వెలిగి ఆరాయి. అద్దాలు మెల్లగా పైకి లేచాయి. ఆ గాలి హోరులో ఇంకేమీ వినపడలేదు. తర్వాత వాన దంచి కొట్టింది.

ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? వాళ్ళ కర్టెన్లు, వాళ్ళ కారు.

నేను ఆ రోజు తాళం వేశాను. రెండుసార్లు మోగింది. ఎదురింటి కుక్క కూడా ఉలిక్కిపడి మొరిగింది.

ఆగస్టు 12, మంగళవారం

అత్తగారు మెట్లెక్కి పైకి వచ్చారు. ఆవిడ మోకాళ్ళకు మా మెట్లు పడవు. ఊరక రారు కదా.

కూర్చుని, మంచినీళ్ళు తాగి, గోడ మీద బల్లిని చూసి, మా ఆయన చిన్నప్పటి జ్వరం కథ చెప్పి, అప్పుడు విషయానికి వచ్చారు.

"చిన్నమ్మాయ్, పెద్దది నిన్న నిచ్చెన ఎక్కిందే."

"ఎవరు ఎక్కమన్నారు?"

"ఎవరంటారు? ఆ తలకిందుల పూలు తనే సరిచేసి వచ్చింది. మూడు మెట్లెక్కి కళ్ళు మూసుకుందట. కళ్ళు మూసుకునే కొక్కేలు మార్చిందట."

"నాకెందుకు చెబుతున్నారత్తయ్యా?"

"నీకు కాకపోతే ఎవరికి చెప్పనూ? అదేమో నోరు విప్పదు, నువ్వేమో కిందికి దిగవు. మీ ఇద్దరికీ లేని తొందర నా మోకాళ్ళకెందుకు గానీ." లేచి, మెట్లు దిగుతూ, సగంలో ఆగి, "నువ్వు తాళం వేసే ఉంటావులే" అన్నారు.

వేసే ఉంటావులే. ఈ ఇంట్లో అందరికీ ఈ 'లే' ఒకటి.

మూడు మెట్లు. పడి ఉంటే?

ఆగస్టు 14, గురువారం

మెకానిక్ ఈసారి చేతిలో స్కానరు పట్టుకుని వచ్చాడు. ఆయన గొంతు నాలుగు ఇళ్ళకు సరిపోతుంది, నేను దిగి వెళ్ళే పనే లేదు.

"ఇది వైపరూ కాదు, హారనూ కాదు, బ్యాటరీ అసలే కాదు సార్."

"మరి బ్యాటరీ ఎందుకు మార్చావయ్యా?" బావగారు.

"అది పాతదైపోయింది లెండి. అసలు సంగతి వినండి. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అని డాష్‌బోర్డు కింద ఒక డబ్బా ఉంటుంది. అద్దాలు, లైట్లు, తాళాలు, వైపర్లు, హారను, అన్నీ దాని మాటే వింటాయి. దానికి మతి పోయింది. కొత్తది తెప్పించాలి. మంగళవారానికి వస్తుంది, బండి వర్క్‌షాపుకి తెచ్చేయండి."

అక్క ఏదో అడిగింది. వినపడలేదు.

"ఆ, అదే చెప్పబోతున్నానమ్మా. కారుకి ఎన్ని తాళాలుంటే అన్నీ తీసుకురండి. కొత్త డబ్బాకి మీ తాళమేదో, పక్కింటోళ్ళ తాళమేదో తెలియదు. అన్నిటినీ ఒకే దఫాలో పరిచయం చేయాలి. ఆ రోజు రాని తాళం చచ్చినట్టే. తర్వాత బీరువా తెరుచుకోవడానికి కూడా పనికిరాదు."

అప్పుడు కింద ఉన్నవాళ్ళంతా తలెత్తి మా వరండా వైపు చూశారు. నేను తీగకు నీళ్ళు పోస్తున్నాను. ఎంతసేపటి నుంచి పోస్తున్నానో, కుండీ నిండి పొర్లి బావగారి భుజం మీద కారుతోంది.

ఆగస్టు 15, శుక్రవారం

మా ఆయన అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. పొద్దున పైకి వచ్చి, "వదిన తాళం అడుగుతోంది" అన్నాడు.

"నీ చేత ఎందుకు, ఆవిడ నోరేమైంది?"

కిందికి వెళ్ళాడు. పైకి వచ్చాడు. "ఇష్టముంటే ఇమ్మను, లేకపోతే లేదు, రాకపోతే ఆ తాళం చచ్చిపోతుంది, తర్వాత నన్ననొద్దు అంటోంది."

"చస్తే చచ్చింది."

"అలాగే చెప్పనా?"

"చెప్పు."

మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. ఎంతసేపటికీ ఎటూ కదలడే. వెళ్ళి చూస్తే అక్కడే పేపరు చదువుకుంటున్నాడు. "ఇక్కడైతే ఎవరూ ఏమీ అడగరు" అన్నాడు.

ఆగస్టు 16, శనివారం

ఫర్నిచరు షాపు మేనేజరు ఫోను. కొలతలు తీసే మనిషి కావాలట, నా గురించి ఎవరో చెప్పారట. బుధవారంలోగా చెబుతానన్నాను. మంచిదే. ఇంకా మంచిదే. ఒకరి మొహం చూసి బతకక్కర్లేదు.

ఆగస్టు 17, ఆదివారం

సాయంత్రం అక్క వాకిట్లోకి వచ్చి కాగితంపూల తీగ మొదట్లో నిలబడింది. ఆ తీగ మొదలు కింద, వాళ్ళ గోడ వారన. నాటింది ఆవిడ. పైకి పాకించుకుంది నేను. పూలన్నీ మా వరండాలోనే.

తలెత్తకుండానే అంది. "చిన్నీ, మంగళవారం. తొమ్మిదింటికి వర్క్‌షాపు."

అంతే. ఇన్నాళ్ళకు ఆ గొంతులో 'చిన్నీ' విన్నాను. "చూస్తాను" అన్నాను, పెద్ద గొప్పగా.

ఆగస్టు 18, సోమవారం

నిర్ణయం అయిపోయింది. రేపు వెళ్తాను. ఆ డబ్బా విప్పి దాని సంగతి బయటపడేదాకా ఉంటాను. నా తప్పు లేదని ఆవిడ చెవులతో ఆవిడ వినాలి. ఆ తర్వాత తాళం ఆవిడ చేతిలో పెట్టి, నాకు వేరే పని దొరికిందని చెప్పి వచ్చేస్తాను. ఏడవకుండా చెప్పాలి. అద్దం ముందు ఒకసారి చెప్పి చూసుకున్నాను. బాగానే వచ్చింది.

ఆగస్టు 19, మంగళవారం

ఒకే ఇంటి నుంచి ఒకే చోటికి ఆవిడ కారులో వెళ్ళింది, నేను బస్సులో. మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

వర్క్‌షాపులో గ్రీజు వాసన, ఎక్కడో రేకు మీద సుత్తి మోత. మెకానిక్ ముందు సీటులో కాళ్ళు పెట్టుకునే చోట తల దూర్చి, పక్కనున్న అట్ట విప్పుతున్నాడు. అక్క ఒక స్టూలు మీద కూర్చుంది. నన్ను చూసి పక్కనున్న స్టూలు మీది సంచి తీసి కింద పెట్టింది. నేను నిలబడే ఉన్నాను.

"ఈ మ్యాటు ఎప్పుడూ తడిగానే ఉంటుందామ్మా?" అన్నాడు ఆయన లోపలి నుంచి.

"ముక్కవాసన వస్తుంటుంది. గొడుగు పెడతాం కదా, అందుకనుకున్నా" అంది అక్క. ఆ గొడుగు నాది. ఇదొకటి నా ఖాతాలో.

డబ్బా బయటికి వచ్చింది. నల్లగా, అరచేతికి కాస్త పెద్దది, అంతే. ఇంతమందిని ఆడించింది ఇదా అనిపించింది. వైర్లు దిగే చోట పిన్నులన్నీ పచ్చటి చిలుము.

"అదీ సంగతి! లోపల నీళ్ళు దిగాయి."

నీళ్ళు. ఆ వాన నీళ్ళేనా? అద్దాలు దించి వదిలేస్తే వాన పడి డబ్బా పాడైందంటాడా? అప్పుడు అన్నిటికీ మొదలు నేనే అవుతాను.

"ఆ రాత్రి వానకేనా?" అడిగింది అక్కే. నెమ్మదిగా.

"భలేవారే. ఒక్క వానకి పట్టే చిలుమా ఇది? నెలల తరబడి చుక్కా చుక్కా దిగిందమ్మా. ఎప్పటి నుంచో కుళ్ళుతోంది, మీకు ఇప్పుడు తెలిసింది."

"అయితే అద్దాలు..."

"వాటంతటవే దిగుతాయి. దిగడమేంటి, డాన్సు చేస్తాయి."

అక్క వంక చూశాను, కావాలనే, నిండుగా చూశాను. ఇప్పుడు అను సరేలే. అక్క ఆ డబ్బానే చూస్తోంది.

మెకానిక్ పైకెక్కి సన్‌రూఫు, అదే కారు కప్పు మీది అద్దం, తెరిచాడు. దాని చుట్టూ సన్నటి కాలువ ఉంటుందట, వాన నీళ్ళు మూలనున్న గొట్టంలోంచి బయటికి పోవాలట. ఆ గొట్టంలోకి ఒక ఇనుప తీగ దూర్చి లాగితే, నల్లగా, జిగటగా, కుళ్ళిన ముద్ద ఒకటి బయటికి వచ్చింది. దాన్ని వేళ్ళతో విడదీశాడు. మధ్యలో ఇంకా గులాబి రంగు మిగిలి ఉంది.

"కాగితంపూలు. నీళ్ళు పోయే దారి మూసేశాయి. మీ కారు చెట్టు కింద పెడతారా?"

అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, ఇన్నాళ్ళలో మొదటిసారి. మొదలు ఆవిడది, పూలు నావి. తిలా పాపం తలా పిడికెడు. ఆవిడ పెదవి ఒక మూల వణికింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు. నేనూ ఆపుకున్నాను, కష్టం మీద. స్టూలు మీద కూర్చున్నాను.

కొత్త డబ్బా బిగించి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, "తాళాలు ఇవ్వండి" అన్నాడు. అక్క తనది ఇచ్చింది. కారు లైట్లు ఒకసారి వెలిగాయి. "రెండోది?"

నా తాళం పిడికిట్లో ఉంది. చెమటకు తడిసిపోయింది. ఇది ఇస్తే ఇంకా ఆ కారులో మనిషిని, ఇవ్వకపోతే కాను. ఆవిడ చేతిలో పెట్టి చెప్పాల్సిన మాటలు అన్నీ వరసగా గుర్తున్నాయి. అక్క ఏమీ అడగలేదు, చెయ్యి చాపలేదు. తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, గోరుతో గోరు గిల్లుకుంటూ కూర్చుంది. భయపడినప్పుడు అలా చేస్తుంది, నేను నిచ్చెన చివరి మెట్టు మీద ఉన్నప్పుడు.

తాళం మెకానిక్‌కే ఇచ్చేశాను. లైట్లు మళ్ళీ వెలిగాయి.

ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుంటుంది. కానీ నాకు నేను రాసుకుంటున్నదాంట్లో కూడా దాస్తే ఇంక ఎక్కడ చెప్పను?

ఆయన ల్యాప్‌టాప్ మూయబోతూ అడిగాడు. "అమ్మా, లాక్ చేసినప్పుడు మోత ఉంచమంటారా, తీసెయ్యమంటారా? కొత్తదాంట్లో మోత ఉంటుంది. పాతదాంట్లో సార్ నిద్రకని పోయినేడు మీరే తీయించారు కదా. అలాగే తీసెయ్యనా?"

సుత్తి మోత ఆగినట్టనిపించింది. ఆగలేదు, నాకు వినపడలేదు.

పోయినేడు తీయించారు. అంటే ఆ కారు ఏడాదిగా మోగడం లేదు. తాళం వేస్తే లైట్లు వెలిగి ఆరతాయి, అంతే. రోజూ వేశాను, రోజూ తీశాను, ఎప్పుడూ గమనించలేదు. అక్కకు తెలుసు. కర్టెన్ల ముద్ద పట్టుకుని నిలబడ్డ ఆ పొద్దున కూడా తెలుసు. నేను అందరి ముందూ మోత విన్నానని చెప్పినప్పుడు, అది మోగదని ఆవిడకి తెలుసు.

తలెత్తలేకపోయాను.

"ఉంచండి" అంది అక్క.

"సార్‌కి నిద్ర..."

"ఆయన చెవుల్లో దూది పెట్టుకుంటారు. ఉంచండి."

ఆయన మీట నొక్కి చూపించాడు. కీచ్.

ఇంటికి కారులోనే వచ్చాను, అక్క పక్కన. దారిలో ఆవిడ ఒకే మాటంది. "బెల్టు పెట్టుకో."

ఆగస్టు 20, బుధవారం

పొద్దున ఈ పేజీలన్నీ తిరగేశాను. మొదటి రోజు కారు ఒకసారి కీచుమంది. రెండు రోజులకు రెండుసార్లు మోగింది. వారానికి ఎదురింటి కుక్క వచ్చి మొరిగింది. ఎదురింటి వాళ్ళ కుక్క పోయి ఎన్నాళ్ళైందో! మోగనిదాన్ని మోగించి, లేనిదాన్ని మొరిగించాను. పైగా అబద్ధం ఆడుతున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఇప్పటికీ ఆ మోత చెవిలో ఉంది. ఎప్పటిదో, ఏ సాయంత్రానిదో.

కిందికి వెళ్ళాను. అక్క మిషను మీద ఉంది. లేత ఆకుపచ్చ గుడ్డ.

"అక్కా, ఆ రోజు నేను మోత వినలేదు."

మిషను ఆగింది. "మోగనిదాన్ని ఎలా వింటావు?"

"కానీ విన్నాననే అనుకున్నానక్కా. కావాలని చెప్పింది కాదు."

"అదే కదా నన్ను తినేసింది." సూది కింద నుంచి గుడ్డ లాగింది. "నీ మొహం చూస్తే అబద్ధమాడే మొహం కాదు. కారేమో మోగదు. రెంట్లో ఏది నమ్మను? అందరి ముందూ, అది మోగదే అనేస్తే నువ్వు అబద్ధాలకోరువి అయిపోతావు. అనకపోతే నేను పిచ్చిదాన్ని అయిపోతాను. సరేలే అని లోపలికొచ్చేశా. నువ్వు వస్తావని చూశా. రాలేదు."

"నువ్వు పిలవలేదు."

"పిలవలేదు" అంది. ఒప్పుకున్నట్టు కాదు, ఊరికే అన్నట్టు.

"అసలు తాళం నొక్కానో లేదో ఇప్పుడు నాకే తెలియదక్కా" అన్నాను. అనేసరికి ఏడుపొచ్చేసింది.

అక్క దారం పళ్ళతో కొరికింది. "నాకూ తెలియదు. ఆ డబ్బాని అడుగుదామంటే దానికి మతి పోయిందాయె." మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. మెట్ల మీద కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని పైకి వచ్చాను. మధ్యాహ్నం ఫర్నిచరు షాపు ఫోను రెండుసార్లు మోగింది. తీయలేదు.

సాయంత్రం

ఇది కూడా రాయాలి.

చీకటి పడకముందే అక్క ఎక్కడి నుంచో కారు తెచ్చింది. తీగ కింద పెట్టలేదు, అటు గోడ వారన పెట్టింది. దిగి, తలుపు వేసి, తాళం నొక్కింది. కీచ్. నేను వరండాలో ఎండిన పూలు ఏరుతున్నాను.

లోపలికి వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. మళ్ళీ నొక్కింది. కీచ్. కారు వైపే తిరిగి నిలబడింది, పైకి చూడటం లేదు. ఏమైంది, కొత్త డబ్బా కూడా పాడైందా అనుకున్నాను. బావగారు కిటికీలోంచి తల బయట పెట్టి "మళ్ళీ ఏమొచ్చిందే దీనికి?" అన్నారు. అక్క ఆయనకి జవాబు చెప్పలేదు. మూడోసారి నొక్కింది.

అప్పుడు చూశాను, ఆవిడ చెవి మీద పెన్సిలు ఉంది. కొలతలకి వెళ్ళినప్పుడు పెట్టుకునే పెన్సిలు.

ఏరిన పూలన్నీ వదిలేసి, తీగ పక్కకు నెట్టి, వాకిలంతా వినపడేలా అరిచాను.

"విన్నా!"

అప్పుడు గానీ అక్క అక్కడి నుంచి కదల్లేదు.